రెండో సాక్షి

"అడక్కుండా తిరిగొచ్చావంటే మాత్రం, ఇంక నా విషయంలో నువ్వేమీ కలగజేసుకోకమ్మా. నా చావేదో నేను చస్తాను."

చినామి ఆ మాట గొంతు పెంచకుండానే అంది. పక్క గదిలో ఆరేళ్ళ కొహారు అన్నం తింటోంది. కూతురు పిల్లతో పుట్టింటికి వచ్చిన ఈ ఐదు నెలల్లో, ఆ ఇంట్లో పోట్లాటలన్నీ గుసగుసల్లోనే జరిగాయి.

కినుకో చేతిసంచిలో గొడుగు పెట్టింది. తీసింది. మళ్ళీ పెట్టింది.

"ఎలా అడగనే? రెండు రోజులు ఒసాకాలో సరదాగా తిరిగొద్దాం రమ్మని పిలిచింది నేను. పిలిచి, నీ కొడుకు కాపురం ముగిసిపోయింది, ఇక్కడ సంతకం పెట్టమననా?"

"ముగిసిపోయిందని అత్తయ్యకి తెలీదా? నేనిన్నాళ్ళూ ఇక్కడెందుకున్నాననుకుంటోందిట?"

"అలిగి వచ్చావనుకుంటోంది."

చినామి నవ్వింది. ఆ నవ్వు చూడలేక కినుకో కిటికీ వైపు తిరిగింది. జూన్ వాన సన్నగా పడుతోంది.

భోజనబల్ల మీద పట్టణ కార్యాలయం వారి విడాకుల పత్రం పరిచి ఉంది. ఆకుపచ్చ గీతల కాయితం. భర్త గడిలో రియోజి సంతకం, భార్య గడిలో చినామి సంతకం. సాక్షులకి రెండు గడులు. మొదటి గడిలో కినుకో వారం క్రితమే తన పేరు రాసింది. రెండోది ఖాళీగా ఉంది.

"రెండో సంతకం ఎవరు పెట్టినా చెల్లుతుంది గదా. మీ ఆసుపత్రిలో ఎవర్నన్నా అడుగు."

"అడగలేకనా? ఆయన ఆ షరతు మీదే పెట్టాడు. పెళ్ళికాయితం మీద మన ఇద్దరమ్మలూ సాక్షులు, దీని మీదా వాళ్ళే ఉండాలి, లేకపోతే ఒప్పుకోనన్నాడు. అంత పట్టింపున్నవాడు తనే వెళ్ళి వాళ్ళమ్మకి చెప్పచ్చు కదా? చెప్పడు. ఆ నోరే ఉంటే ఇంతదాకా ఎందుకొస్తుంది?"

కినుకో కాయితాన్ని నాలుగు మడతలు పెట్టి కవర్లో దాచింది. ముప్ఫై ఏళ్ళకి పైగా పిల్లలకి పాఠాలు చెప్పిన మనిషి. మడతలు అంచుకి అంచు సరిగ్గా కలిసేలా పెట్టింది.

"మరి సెందాయ్ సంగతి?"

"అది మాత్రం చెప్పకు." చినామి తల్లి మణికట్టు పట్టుకుంది. "సంతకం అయ్యాక నేనే చెప్తాను. ముందే తెలిస్తే అత్తయ్య పెట్టదు."

సెందాయ్‌లో పెద్దాసుపత్రిలో ఉద్యోగం దొరికింది. పక్కనే ఉండటానికి ఇల్లు. ఆగస్టులో చేరాలి. మైజురు నించి రైళ్ళు మారి మారి వెళితే ఒక పూటంతా పడుతుంది. కొహారు వచ్చే ఏప్రిల్లో బడిలో చేరేది అక్కడే.

"అమ్మమ్మా!" కొహారు పక్క గదిలోంచి కేకేసింది. "నాయనమ్మకి చెప్పు, బడిసంచీ లేత నీలంది! ఎర్రది తెచ్చారో, నేను బడికెళ్ళను!"

తల్లీ కూతుళ్ళిద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకోలేదు.

"చెప్తాలే," అంది కినుకో.

*

"రావమ్మా, రా! ఆ కిటికీ పక్కన ముసలాయన మూడుసార్లడిగాడు, ఇక్కడెవరన్నా ఉన్నారా అని. మా వియ్యపురాలుందయ్యా, కనపడట్లేదా అన్నాను. పాపం, ఖాళీ సీటుకి దండం పెట్టి వెళ్ళాడు."

మసుయో తూర్పు మైజురులో ఎక్కింది. కినుకో తర్వాతి స్టేషన్, పడమటి మైజురులో ఎక్కింది. వాళ్ళ స్నేహానికి యాభై ఏళ్ళు దాటింది. ఆరో తరగతిలో ఒకే బల్ల. పిల్లలు ఒకరినొకరు ఇష్టపడి పెళ్ళి చేసుకుంటామన్నప్పుడు, ఇద్దరు తల్లులూ వాళ్ళకంటే ఎక్కువ సంబరపడ్డారు.

మసుయోది కామబోకో కొట్టు. చేపమాంసం మెత్తగా రుబ్బి, చెక్కపలకల మీద దిమ్మలు చేసి, ఆవిరికి ఉడికించి అమ్ముతారు. వాళ్ళ మామగారు పెట్టింది. భర్త గెంజో పోయి మూడేళ్ళయింది. అప్పట్నించీ ఆవిడ ఒక్కరోజు కూడా కొట్టు వదిలి బయటికి రాలేదు.

"రియోజి చూసుకుంటాడా రెండ్రోజులూ?"

"ఆఁ. అడిగితే 'ఊఁ' అన్నాడు. నిన్న పొద్దుట్నించీ వాడు మాట్లాడిన మాట అదొక్కటే." మసుయో పొట్లం విప్పింది. "తిను. పొద్దున్నే చేశాను. నువ్వు ఇంట్లో ఏమీ తినుండవు."

అయాబె దాటాక చెబుదామనుకుంది కినుకో. అయాబె దాటాక, క్యోటో దాటనీ అనుకుంది. క్యోటో దాటేసరికి మసుయో ఆమె భుజం మీద తల వాల్చి నిద్రపోయింది. తెల్లవారకముందే లేచే మనిషి. కినుకో భుజం కదపకుండా ఒసాకా దాకా అలాగే కూర్చుంది.

ఆ పగలంతా తిరిగారు. అక్కడి పాత కోటలో లిఫ్టు చూసి మసుయో ఆగిపోయింది.

"ఇంత కోట కట్టి లోపల లిఫ్టా! ఆ రోజుల్లోనే ఉండుంటే యుద్ధం ఓడిపోయేవాళ్ళు కాదే వీళ్ళు. మోకాళ్ళు నొప్పులొచ్చే ఓడిపోయుంటారు."

చుట్టుపక్కల నిలబడ్డవాళ్ళు నవ్వారు. కినుకో కూడా నవ్వింది. నవ్వాక సంచీ ఇంకాస్త దగ్గరకి లాక్కుంది.

సాయంత్రం తెంజిన్‌బాషిలో పైకప్పున్న బజారు ఆ చివర్నించి ఈ చివరికి నడిచారు. ఒక చెప్పుల కొట్టు ముందు మసుయో కూలబడి, ఇంట్లో తొడుక్కునే మెత్తటి చెప్పులు ఒక్కొక్కటే వంచి చూడసాగింది.

"ఎవరికి?"

"చినామికి. మా వంటింటి నేల రాయి కదా, చలికాలం దాని కాళ్ళు ఐసుముక్కలైపోతాయి. ఎన్నిసార్లు చెప్పినా మేజోళ్ళతోనే తిరుగుతుంది, మొండిది. తిరిగొచ్చేసరికి ఇవి గుమ్మంలో పెట్టుంచుతాను. నేనేమీ అనను. చూసి తనే తొడుక్కుంటుంది."

అప్పుడైనా చెప్పాలి. కినుకో సంచీ మీద చెయ్యి వేసింది.

"ఏ రంగు బావుంటుందంటావు?" అంది మసుయో.

"ఆ బూడిదరంగుది," అంది కినుకో.

*

మర్నాడు పొద్దున, పెద్ద షాపు తలుపులు తీసీ తీయగానే వెళ్ళారు. బడిసంచులు ఏడో అంతస్తులో. మసుయో మాత్రం ముందు కింద తినుబండారాల అంతస్తుకి పోదామంది. అక్కడ కామబోకో అమ్మే ప్రతి చోటా ఆగి రుచి చూసింది.

"ఇందులో చేప ఏదమ్మాయ్?"

"అంతా చేపేనండీ."

"అయితే ఈత రాని చేపయ్యుంటుంది. పిండిలో మునిగిపోయింది."

కినుకో ఆమెని రెక్క పట్టుకుని లిఫ్టు దగ్గరికి లాక్కుపోయింది. "పరువు తీస్తున్నావు!"

"నిజం చెబితే పరువు పోతే, ఆ పరువు వాళ్ళది. నాది కాదు."

ఏడో అంతస్తులో గోడ పొడవునా బడిసంచులు వరసగా ఉన్నాయి. ఒకసారి కొంటే ఆరేళ్ళు మోయాల్సినవి. మసుయో ఒక్కసారిగా మాటలు తగ్గించేసింది. చేతులు కోటు అంచుకి తుడుచుకుని, ఒక్కొక్క మూతా ఎత్తి లోపల కుట్లు చూసింది.

"ఎర్రదే తీసుకుందామే. మనిద్దరం ఎర్రదే మోశాం."

"ఇప్పుడు మోసేది మనం కాదు. లేత నీలం లేకపోతే బడికెళ్ళనంది."

"అంత మాటందీ? అచ్చం చినామి పోలికే." ఆ మాట మురిపెంగానే అంది. లేత నీలం సంచి తీసి, తన భుజాలకే తగిలించుకోబోయింది. పట్టీలు మోచేతుల దగ్గర ఇరుక్కుపోయాయి. అమ్మకపు అమ్మాయి నవ్వాపుకుంటూ వచ్చి విడిపించింది.

"నాయనమ్మగారా, అమ్మమ్మగారా అండీ?"

"నేను నాయనమ్మని. ఈవిడ అమ్మమ్మ. సంచి కొనే హక్కు నాది. బడిలో దింపే హక్కు ఈవిడకిచ్చాను."

"ఇద్దరూ కలిసి రావడం ఎంత చూడముచ్చటగా ఉందోనండీ. మూత లోపల పాప పేరు బంగారు అక్షరాల్లో వేసిస్తాం. ఈ చీటీలో రాసిస్తారా?"

మసుయో కోటు జేబులు తడుముకుంది. "కళ్ళద్దాలు హోటల్లో వదిలేశాను. నువ్వే రాయి కినూ. టీచరమ్మవి, నీ రాత అచ్చేసినట్టుంటుంది."

కినుకో కలం అందుకుంది. చీటీలో గడులు గీసి ఉన్నాయి. నిదానంగా, నల్లబల్ల మీద మొదటి తరగతి పిల్లలకి రాసి చూపించినట్టు, ఒక్కొక్క గీతా రాసింది.

అమ్మాయి చీటీ రెండు చేతులతో అందుకుని తల వంచింది. "ఒకసారి చదివి వినిపిస్తానండీ, పొరపాటు ఉండకూడదు కదా. రంగు, లేత నీలం. పాప పేరు, తాకెబే కొహారు. అంతేనా అండీ?"

తాకెబే కినుకో ఇంటిపేరు.

కొహారు షియోమి వారి పిల్ల. మసుయో మనవరాలు, షియోమి కొహారు.

ఈ రెండు వారాలుగా సెందాయ్‌కి సర్దే సామానంతటి మీదా కినుకోయే పేర్లు రాస్తూ వచ్చింది. తువ్వాళ్ళ మీద, గొడుగు పిడి మీద, పెన్సిళ్ళ మీద. కొత్తిల్లు, కొత్త బడి, కొత్త ఇంటిపేరు. ఆ పేరే రాసీ రాసీ చెయ్యి అలవాటు పడిపోయింది.

అమ్మాయి చీటీ పట్టుకుని ఇద్దరి వైపూ చూస్తోంది.

మసుయో లేత నీలం సంచీ మూతని అరచేత్తో ఒకసారి నిమిరింది.

"అంతేనమ్మా," అంది. "అలాగే వెయ్యండి."

*

పేరు వెయ్యడానికి గంట పడుతుందన్నారు. ఇద్దరూ మేడ మీది తోటకి వెళ్ళారు. పిల్లలు ఎక్కి ఊగే ఏనుగుబొమ్మ మీదా, రైలుబొమ్మ మీదా వానకి తడవకుండా పట్టా కప్పి ఉంది. రేకుల కింద బెంచీ మీద కూర్చున్నారు. షాపు పనివాడొకాయన నేల మీది నీళ్ళు మెల్లగా తూములోకి తోస్తున్నాడు.

మసుయో ఆ నీళ్ళనే చూస్తోంది.

"ఎన్నాళ్ళయింది?" అంది మసుయో.

"ఏది?"

"తెలియనట్టు అడక్కు. అబద్ధం చెప్పడం నీకు చేతకాదు."

"రియోజి సంతకం పెట్టి పోస్టులో పంపాడు. పదిరోజులయింది."

"పదిరోజులు." మసుయో తల ఊపింది. "పదిరోజులూ నా పక్కనే నిలబడి చేప రుబ్బాడు. ఉప్పు చాలిందా అని అడిగితే ఊఁ అన్నాడు. కొహారు ఎప్పుడొస్తుందిరా అంటే... దానికీ ఊఁ అనే అన్నాడు."

కినుకో సంచీని ఒళ్ళో సర్దుకుంది.

"నా ఇంట్లో చినామికేం తక్కువ చేశానో చెప్పు. తిండికా? బట్టకా? ఒక్కనాడైనా పల్లెత్తు మాటన్నానా?"

"అనలేదు."

"మరి?"

"నువ్వూ అనలేదు. వాడూ ఏమీ అనలేదు. మూడేళ్ళు ఎవరూ ఏమీ అనని ఇంట్లో ఉందది." కినుకో మాటలు వెతుక్కుంటూ అంది. "ఓడల మరమ్మతు పనికి వెళ్ళినన్నాళ్ళూ రియోజి నవ్వేవాడు మసూ. నువ్వూ చూశావు. గెంజోగారు పోయాక కొట్టు నిలబెట్టాలని నువ్వు పిలిచావు. కాదనలేక వచ్చాడు."

"కొట్టు మూసెయ్యమంటావా?"

"నేనేమీ అనట్లేదు."

"అంటున్నావు. అనకుండానే అంటావు నువ్వు. ఆరో తరగతి నించీ అంతే. నాకు లెక్కలు రాకపోతే తిట్టేదానివి కాదు. నా పుస్తకం తీసుకుని నిశ్శబ్దంగా దిద్దిచ్చేదానివి. తిడితే బావుండేది."

వాన పెరిగింది. రేకుల మీద చప్పుడు హోరెత్తింది.

"ఈ ప్రయాణం ఎందుకు పెట్టావు?" మసుయో నీళ్ళ వైపు చూస్తూనే అడిగింది. "సంతకం కోసమా, సరదా కోసమా?"

"రెండూ."

"ఏది ముందు?"

కినుకోకి నిజంగానే తెలియదు. నేను మసూని పిలిచింది చివరిసారి కలిసి నవ్వుదామనే కదా అని రాత్రి హోటల్లో అనుకుంది. పొద్దున లేచేసరికి అదీ నమ్మబుద్ధి కాలేదు.

"తియ్యి," అంది మసుయో. "సంచీలోనే ఉందిగా? నిన్నంతా ఆ సంచీ చంకలోంచి దించలేదు. కోటలో కూడా."

కినుకో కవరు తీసింది. కాయితం మడతలు విప్పి ఇద్దరి మోకాళ్ళ మీదా పరిచింది.

"చదువు. నాకు కళ్ళు కనపడవు."

"మసూ, వద్దు. నేను..."

"క్లాసులో చదివినట్టు చదువు. ఒక్క గడి వదలకుండా."

కినుకో చదివింది. భర్త, షియోమి రియోజి. భార్య, షియోమి చినామి. పెళ్ళయిన ఏడు. విడివిడిగా ఉంటున్న నెల. ఆమె ఒక్కొక్క గడికీ మధ్య ఆగింది. "భర్త సంరక్షణలో పెరిగే పిల్లలు..." అక్కడ ఏమీ రాసి లేదు. "ఖాళీ," అంది. "భార్య సంరక్షణలో పెరిగే పిల్లలు. షియోమి కొహారు."

"ఇందులో ఇంకా మా పేరే ఉందే," అంది మసుయో.

ఆ 'ఇంకా' దగ్గర కినుకోకి కళ్ళు నిండాయి. మసుయోకి నిండలేదు.

"సాక్షులు. మొదటిది, తాకెబే కినుకో."

"రెండోది నేను."

"రెండోది నువ్వు. వాడే అడిగాడు, నువ్వే ఉండాలని."

"నోటితో అడగలేక." మసుయో మోకాళ్ళ మీది కాయితాన్ని కదలకుండా పట్టుకుంది. "సరే. పెడతాను. కానీ ఒక్కటడుగుతాను, చెప్పు. ఏప్రిల్లో బడిలో చేరే రోజున ఆ గేటు దగ్గర నన్ను నిలబడనిస్తారా? లోపలికి రాను. చినామి కంటపడను. గేటు పక్కన బోర్డు పెడతారుగా, పిల్లల్ని నిలబెట్టి ఫొటో తీస్తారే, అక్కడ. ఆ సంచీ వీపున వేసుకుని అది నడిచిపోతుంటే ఒక్కసారి చూస్తాను. అంతే."

పనివాడు నీళ్ళు తోయడం ఆపి, తడిసిన ఏనుగుబొమ్మ మీద పట్టా సరిచేస్తున్నాడు.

"రా మసూ," అంది కినుకో. "తప్పకుండా రా."

తన గొంతు తనకే వినిపించింది. చదువులో వెనకబడ్డ పిల్లల తల్లులకి, పర్వాలేదండీ, పుంజుకుంటాడు అని ఏళ్ళ తరబడి చెప్పిన గొంతు అది.

మసుయో కలం తీసుకుంది. "ఎక్కడ?"

కినుకో గడి మీద వేలు పెట్టి చూపించింది. ఆ వేలి పక్కనుంచే మసుయో పేరు రాసింది, పుట్టిన తేదీ రాసింది, ఇంటి చిరునామా రాసింది. అక్షరాలు గీతలు దాటి పోయాయి. పర్సులోంచి చిన్న ముద్ర తీసింది. కొట్టుకి చేపల పెట్టెలొచ్చినప్పుడు అందినట్టు కొట్టే ముద్ర. నోటితో ఆవిరి ఊది, గట్టిగా అదిమింది.

అయిపోయింది. చినామి అడిగింది అయిపోయింది. కినుకో కాయితానికి చెయ్యి చాచింది.

మసుయో ఇవ్వలేదు. మడతలు వెనక్కి పెట్టి, కవర్లో దోపి, తన సంచీలో వేసుకుంది.

"ఇది నా దగ్గరుంటుంది."

"అదేమిటి? చినామికి ఇప్పుడే..."

"తొందరేముంది? ఐదు నెలలాగినవాళ్ళు ఇంకో పది నెలలాగలేరా? ఏప్రిల్లో ఆ గేటు దగ్గర నీ చేతిలో పెడతాను. నిన్ను నమ్మక కాదు. ఆ రోజు రాకుండా నాకే ఏదన్నా అడ్డమొస్తుందేమోనని. ఇది నా దగ్గరుంటే చచ్చినట్టు వస్తాను." మేడ మీదికొచ్చాక మొదటిసారి ఆవిడ గొంతు కొంచెం తేలికపడింది. "నువ్వు పాఠాలు చెప్పిన బడేగా. మా బస్సు ఆ గేటు ముందే ఆగుతుంది. పిల్ల చదువుకి ఆ బడి ఒక్కటైనా సరిగ్గా కుదిరింది, నీ చలవ."

ఇప్పుడు ఊరుకుంటే ఆ కాయితం ఎప్పటికైనా ఎలాగో చేతికొస్తుంది. వాన తగ్గుతుంది, కిందికెళ్ళి లేత నీలం సంచీ తీసుకుంటారు, రైలెక్కుతారు. మసుయో మళ్ళీ భుజం మీద తల వాల్చి నిద్రపోతుంది. ఆగస్టు దాకా అది నిశ్చింతగా నిద్రపోతుంది.

"మసూ," అంది కినుకో. "ఆ బడి మైజురులో లేదు."

సంచీ మూస్తున్న మసుయో చెయ్యి ఆగింది.